నాణ్యతా నియంత్రణ: హాథార్న్ నుంచి రామచంద్రాపురం దాకా

వస్తువు తయారైన తరువాత దానిని పరీక్షించి, సరైనదాన్ని ఉంచి, లోపమున్నదాన్ని ఏరివేసే పనిని తనిఖీ అంటారు. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో పెద్ద కర్మాగారాలు నాణ్యత విషయంలో ప్రధానంగా తనిఖీదారుల మీదనే ఆధారపడేవి. షికాగోను ఆనుకుని ఉన్న సిసెరోలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థ నడిపిన హాథార్న్ కర్మాగారం బెల్ టెలిఫోన్ వ్యవస్థకు కావలసిన పరికరాలను భారీ ఎత్తున తయారుచేసేది. అక్కడ కూడా తనిఖీ లోపాన్ని పట్టుకోగలిగేది గాని, ఆ వస్తువు మీద అప్పటికే ఖర్చయిన లోహాన్నీ శ్రమనూ కాలాన్నీ తిరిగి రాబట్టలేకపోయేది. వస్తువును ఏరడం కన్నా దానిని తయారుచేసే ప్రక్రియను అర్థం చేసుకోవడం మేలన్న ఆలోచన ఈ పరిమితి నుంచే పుట్టింది.

ఆ సంస్థలో పనిచేస్తున్న భౌతికశాస్త్రవేత్త వాల్టర్ షూహార్ట్ 1924 మే 16న తన పై అధికారికి పంపిన చిన్న పత్రంలో నియంత్రణ పటాన్ని తొలిసారి గీసి చూపించాడు. ఒకే యంత్రం మీద ఒకే మనిషి చేసిన రెండు వస్తువులు కూడా అచ్చం ఒకేలా ఉండవు; ఈ తేడాలనే విచలనం అంటారు. విచలనానికి మూలాలు రెండు రకాలని షూహార్ట్ వివరించాడు. ప్రక్రియలో ఎప్పుడూ ఉండే అనేక చిన్న కారణాలు యాదృచ్ఛికమైనవి. అరిగిన పనిముట్టు, మారిన ముడిసరుకు వంటివి వెదికి పట్టుకోదగినవి. కొలతల సగటుకు ఇరువైపులా మూడు ప్రామాణిక విచలనాల దూరంలో గీసిన హద్దులు ఈ రెంటినీ వేరుచేయడానికి తోడ్పడతాయి. పటం మీద కొలతను సూచించే బిందువు హద్దు దాటితే కారణం వెదకాలి. హద్దుల లోపల కనిపించే ప్రతి చిన్న మార్పుకూ యంత్రాన్ని సవరిస్తూ పోతే విచలనం తగ్గకపోగా పెరుగుతుంది. ఈ హద్దులు ప్రక్రియ తీరును బట్టి ఏర్పడతాయి కనుక, కొనుగోలుదారు అవసరాన్ని బట్టి నిర్ణయించే కొలతల పరిమితులతో వీటిని కలపకూడదు. షూహార్ట్ ఈ సిద్ధాంతాన్ని 1931లో గ్రంథరూపంలో విస్తరించాడు.

అదే బెల్ వ్యవస్థలో హెరాల్డ్ డాడ్జ్, హ్యారీ రోమిగ్ నమూనా తనిఖీకి శాస్త్రీయమైన పునాది వేశారు. సరుకంతటినీ పరీక్షించకుండా కొంత నమూనాను బట్టి తీర్పు చెప్పినప్పుడు, మంచి సరుకును తిరస్కరించే అవకాశం ఉత్పత్తిదారుకూ, చెడ్డ సరుకును స్వీకరించే అవకాశం వినియోగదారుకూ ముప్పు అవుతాయి. వీరు రూపొందించిన పట్టికలు ఆ ముప్పును అంకెల్లో తూచడానికి వీలు కల్పించాయి.

ఈ శాస్త్రం భారతదేశానికి త్వరగానే చేరింది. పి.సి. మహలనోబిస్ 1931లో కలకత్తాలో స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఆహ్వానం మీద షూహార్ట్ 1947-48లో ఇక్కడికి వచ్చాడు. తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, ఆ సంస్థలో చేరిన సి.ఆర్. రావు 1940లలోనే ఆర్థోగొనల్ అరేలను రూపొందించాడు. అనేక అంశాల ప్రభావాన్ని తక్కువ ప్రయోగాలతో సమతూకంగా పరిశీలించేందుకు ఉపయోగపడే పట్టికలు అవి. 1954-55లో అదే సంస్థలో అతిథి ఆచార్యుడిగా ఉన్న జపాన్ ఇంజనీరు గెనిచి టాగుచి తరువాత ఈ పట్టికలను విరివిగా వాడి, వాడకంలోని ఒడిదుడుకులను తట్టుకునేలా వస్తువును రూపకల్పన దశలోనే తీర్చిదిద్దే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు.

యుద్ధంలో దెబ్బతిన్న జపాన్‌లో 1950లో డబ్ల్యు. ఎడ్వర్డ్స్ డెమింగ్ ఇంజనీర్లకూ సంస్థాధిపతులకూ గణాంక పద్ధతులను బోధించాడు. మరుసటి ఏడాదే ఆయన పేరిట బహుమతి నెలకొంది. ప్రక్రియలో స్థిరంగా ఉన్న లోపాలను తొలగించే బాధ్యత యాజమాన్యానిదేనని ఆయన గట్టిగా చెప్పాడు. 1954లో వచ్చిన జోసెఫ్ జురాన్, నష్టంలో ఎక్కువ భాగం కొద్ది కారణాల వల్లనే కలుగుతుందనే పారెటో సూత్రాన్ని నిర్వాహకులకు అందించాడు. కవోరు ఇషికావా మరో అడుగు ముందుకు వేసి, కారణాలను వర్గాలుగా విడదీసి చూపే చేపముల్లు చిత్రాన్ని రూపొందించి, కార్మికులే వాడగలిగేలా ఈ సాధనాలను సరళం చేశాడు. ఆయన నాయకత్వంలో 1962లో మొదలైన క్వాలిటీ సర్కిల్ అంటే, ఒకేచోట పనిచేసే కొద్దిమంది స్వచ్ఛందంగా క్రమం తప్పక కలుసుకుని తమ పనిలోని సమస్యలను తామే విశ్లేషించే బృందం.

ఈ క్వాలిటీ సర్కిళ్ల ఉద్యమం 1980లో హైదరాబాదు సమీపంలోని రామచంద్రాపురం బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారంలో మొదలై భారతీయ పరిశ్రమలకు పాకింది. 1982లో ఏర్పడిన క్వాలిటీ సర్కిల్ ఫోరమ్ ఆఫ్ ఇండియాకు సికింద్రాబాదే కేంద్రమైంది.

1987లో వెలువడిన ఐ.ఎస్.ఓ. 9000 ప్రమాణాలు నాణ్యతా హామీకి, అంటే అవసరాలు నెరవేరుతాయన్న నమ్మకాన్ని క్రమబద్ధమైన ఏర్పాట్ల ద్వారా కలిగించడానికి, అంతర్జాతీయ రూపమిచ్చాయి. దస్తావేజులూ ధ్రువపత్రాలూ కొనుగోలుదారుకు భరోసా ఇస్తాయి. అయితే లోపానికి కారణం తెలుసుకునే జ్ఞానం పని జరిగే చోటనే పుడుతుందనీ, ఆ జ్ఞానాన్ని వినే బాధ్యత, దాని ప్రకారం ప్రక్రియను మార్చే బాధ్యత నిర్వాహకులదేననీ ఈ చరిత్ర నిరూపిస్తున్నది. ఆ బాధ్యతను స్వీకరించని సంస్థలో ఎన్ని ధ్రువపత్రాలున్నా నాణ్యత మళ్లీ తనిఖీదారు పనిగానే మిగిలిపోతుంది.