పథ్యంలో పెసరపప్పు

జ్వరం తగ్గినవారికీ శస్త్రచికిత్స అయినవారికీ తెలుగు ఇళ్లలో ముందుగా పెట్టే పప్పు ఇది. తేలిగ్గా అరుగుతుందని ఆయుర్వేదమూ దీన్ని మెచ్చుకుంటుంది. 100 గ్రాముల ఎండు పప్పులో సుమారు 24 గ్రాముల మాంసకృత్తులుంటాయి. పలుచని పెసరకట్టులో మాత్రం నీరే ఎక్కువ. నోటికి రుచి తెలియని మొదటి పూటలకే అది సరిపోతుంది. తర్వాత ముద్దపప్పు, పులగం పెట్టాలి. పప్పులో కొరవడే మిథియోనిన్ అనే అమైనో ఆమ్లాన్ని బియ్యం, బియ్యంలో కొరవడే లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని పప్పు భర్తీ చేస్తాయి.

ఆరోగ్యవంతులైన పెద్దలకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు అవసరమని భారతీయ వైద్య పరిశోధన మండలి 2020లో సిఫారసు చేసింది. కోలుకునే దశలో సాధారణంగా 1.2 నుంచి 1.5 గ్రాములు సూచిస్తారు. అంటే 60 కిలోల మనిషికి 72–90 గ్రాములు. అంత మొత్తం ఒక్క పప్పుతో రాదు, సోయా, వేరుశనగ, శనగలు తోడు కావాలి.

పప్పు తింటే కుట్లు చీము పడతాయన్న నమ్మకానికి శాస్త్రీయ ఆధారం లేదు. ఆ భయంతో రోగిని చారన్నానికే పరిమితం చేస్తే గాయం మానడం ఆలస్యం కావచ్చు. మూత్రపిండాల జబ్బున్నవారు మాత్రం ఎంత తినాలో వైద్యుణ్ణి అడగాలి.