ఈ ఉమ్ర్‌లో పియానోనా?

"ఈ ఉమ్ర్‌లో ఇప్పుడేం నేర్చుకుంటావ్ భాయ్!" ఈ మాట మన ఇళ్లలో ఎన్నిసార్లు వినలేదు? పిల్లల్ని కీబోర్డు క్లాసులో దించి, బయట కుర్చీల్లో గంటసేపు కూర్చునే అమ్మీ, అబ్బాల్లో చాలామందికి లోపలికెళ్లి తామూ నేర్చుకోవాలనే షౌక్ ఉంటుంది. కానీ శరమ్ అడ్డొస్తుంది. లోగ్ క్యా కహేంగే? అసలు పియానో అంటే బచ్‌పన్‌లోనే మొదలెట్టాలనే ఖయాల్ ఎక్కణ్ణుంచి వచ్చింది? దాని చరిత్రలోకి వెళ్దాం.

పియానో పుట్టిల్లు ఇటలీలోని ఫ్లోరెన్స్. మెదిచీ పాలకుల దగ్గర వాయిద్యాలు చూసుకునే బార్తొలొమియో క్రిస్టోఫోరి 1700 నాటికే దీన్ని తయారు చేశాడు. అంతకుముందున్న హార్ప్సికార్డ్‌లో మెట్టు నొక్కితే చిన్న ములుకు తీగను మీటేది. మెల్లగా నొక్కినా, గట్టిగా నొక్కినా ఆవాజ్ దాదాపు ఒకటే. క్రిస్టోఫోరి ములుకు తీసేసి సుత్తి పెట్టాడు. వేలు ఎంత నెమ్మదిగా తాకితే స్వరం అంత నెమ్మది. మెల్లగా, గట్టిగా అనే రెండు ఇటాలియన్ మాటలు కలిసే 'పియానోఫోర్టే' అయ్యింది. 1760ల్లో లండన్‌లో యోహానెస్ జుంపే చిన్న చదరపు పియానోలు చేయడం మొదలెట్టాక అది దర్బారు దాటి మధ్యతరగతి దీవాన్‌ఖానాల్లోకి చేరింది.

అక్కడ దానికి ఇంకో పని పడింది. 19వ శతాబ్దపు యూరప్‌లో ఖాందానీ ఇంటి అమ్మాయికి పియానో రావడం తెహజీబ్‌కి నిషానీ. మన దగ్గర రిష్తా చూడ్డానికొచ్చి సలీఖా ఉందా, కుట్టుపని వచ్చా అని అడిగినట్టే! బీథోవెన్‌కి షాగిర్ద్, లిజ్ట్‌కి ఉస్తాద్ అయిన కార్ల్ చెర్నీ ఒక పుస్తకంలో పియానో పాఠాల్ని ఓ అమ్మాయికి రాసే ఖతుల్లా రాశాడు. చిన్న వయసులో వేళ్లు త్వరగా వంగుతాయి, నిజమే. పెద్ద కచేరీలు చేయాలంటే బచ్‌పన్ తాలీమ్ కావాల్సిందే. కానీ మిగతావాళ్లందరికీ తలుపు మూసింది వేళ్లు కాదు, రిష్తాల రివాజ్ అని నా ఖయాల్.

పెద్దయ్యాక నేర్చుకునేవాళ్లకి అసలు దుష్మన్ జల్ద్‌బాజీ. రాబర్ట్ షూమన్‌కి చిన్నప్పుడే కొంత వాయించడం వచ్చు. లా చదువు వదిలేసి, 20 ఏళ్ల వయసులో, 1830లో లైప్జిగ్‌లో ఫ్రీడ్రిష్ వీక్ దగ్గర పూర్తి తాలీమ్‌కి చేరాడు. వేళ్లకు త్వరగా బలం రావాలని ఓ యంత్రం కూడా వాడాడు. రెండేళ్లు తిరక్కుండానే కుడిచేతి వేలు పాడైంది. కచేరీల ఆశ వదులుకుని, స్వరాలు రాయడంలో గొప్పవాడయ్యాడు.

ఇక శరమ్ సంగతి. 1926లో అమెరికా పత్రికల్లో జాన్ కేపుల్స్ అనే కుర్రాడు రాసిన ఓ ప్రకటన వచ్చింది. పోస్టులో సంగీత పాఠాలు పంపే సంస్థ కోసం రాసింది. కథ ఇదీ: విందులో ఒకాయన పియానో ముందు కూర్చుంటాడు. దోస్తులంతా నవ్వుతారు. ఆయన వాయించడం మొదలెట్టాక నోళ్లు మూతపడతాయి. ఉస్తాద్ లేకుండా, పోస్టులో వచ్చిన పాఠాలతో ఇంట్లోనే నేర్చుకున్నానంటాడు. కథ కల్పితమే, సరుకు అమ్ముకోవడానికే. అయినా ప్రకటనల చరిత్రలో అది నేటికీ మషూర్. ఎందుకంటే కేపుల్స్ పెద్దవాళ్ల దిల్‌లో ఉన్న భయాన్ని సరిగ్గా పట్టుకున్నాడు: నేర్చుకోవడం కష్టమని కాదు, నవ్వుతారేమోనని!

1980లో కాలిక్యులేటర్ల కంపెనీ క్యాసియో తన మొదటి కీబోర్డు తెచ్చింది. మన ఊళ్లలో ఏ కంపెనీ కీబోర్డైనా చాలామంది నోట 'క్యాసియో'నే. దానికి హెడ్‌ఫోన్ పెట్టుకుంటే పక్కగదిలో సాస్‌కి కూడా వినిపించదు. నవ్వేవాళ్లే లేరు.

పైగా ఆ మెట్లు మనకు కొత్తవి కావు. 1840ల్లో పారిస్‌లో అలెగ్జాండ్ర్ దెబెన్ పేటెంట్ చేసిన హార్మోనియం హిందుస్తాన్ చేరి, ఖవ్వాలీకి ప్రాణమైంది. అవే 7 తెల్ల మెట్లు, 5 నల్ల మెట్లు. తేడా ఎడమచేతిది. హార్మోనియంలో అది గాలి కొడుతుంది, పియానోలో అదీ వాయించాలి. పెద్దవాళ్లు తడబడేది అక్కడే. కాబట్టి ముందు కుడిచేయి, తర్వాత ఎడమచేయి, ఆ తర్వాతే రెండూ కలిపి, అదీ చాలా నెమ్మదిగా. రోజూ పావుగంట రియాజ్ చాలు. వారానికోసారి మూడు గంటలు కూర్చోవడం కన్నా అదే మేలు.

పిల్లల క్లాసు బయట కూర్చున్న అమ్మీలూ, అబ్బాలూ, ఇంట్లో ఆ కీబోర్డు పిల్లలు స్కూలుకెళ్లాక ఖాళీగానే ఉంటుంది కదా. ఓ పావుగంట దాని ముందు కూర్చోండి. షూమన్‌లా జల్దీ మాత్రం వద్దు.