కుటుంబ సమావేశం : న్యూజిలాండ్ బాలల సంక్షేమ చట్టంలో నిర్ణయాధికార పరిణామం

ఆపదలో ఉన్న బిడ్డ ఎవరి దగ్గర పెరగాలో నిర్ణయించే అధికారం ఎవరిది? 20వ శతాబ్దపు బాలల సంక్షేమ వ్యవస్థలు చాలావరకు ఈ ప్రశ్నకు ఒకే సమాధానమిచ్చాయి: అది నిపుణులది, న్యాయస్థానానిది. ఇందుకు భిన్నమైన సమాధానాన్ని శాసనరూపంలో నిలిపిన దేశం న్యూజిలాండ్. 1989 నవంబరు 1న అమలులోకి వచ్చిన బాలలు, యువజనులు, వారి కుటుంబాల చట్టం 'కుటుంబ సమావేశా'న్ని నిర్ణయప్రక్రియకు కేంద్రం చేసింది.

ఈ చట్టానికి పూర్వరంగం మావోరీల అనుభవం. వారి దృష్టిలో బిడ్డ తల్లిదండ్రులకు మాత్రమే చెందదు; ఫానౌ (విస్తృత కుటుంబం), హపూ (ఉపతెగ), ఈవీ (తెగ) అనే మూడు వలయాలకూ చెందుతుంది. సంక్షేమశాఖ మావోరీ పిల్లలను ఈ వలయాలనుంచి వేరుచేసి ఆశ్రమాలలో, అపరిచిత గృహాలలో ఉంచడంపై తీవ్రమైన అసంతృప్తి పెరిగింది. జాన్ రంగిహౌ అధ్యక్షతన ఏర్పడిన సలహాసంఘం 1986లో సమర్పించిన 'పువావో-తే-ఆతా-తూ' (వేకువ) నివేదిక సంక్షేమశాఖలో పాతుకుపోయిన సంస్థాగత జాతివివక్షను ఎత్తిచూపింది.

కుటుంబ సమావేశం మూడు దశలలో సాగుతుంది. సమన్వయకర్త పిలుపుమేరకు బంధువులందరూ చేరిన తరువాత, అధికారులు, నిపుణులు తమకు తెలిసిన సమాచారాన్ని వారి ముందుంచుతారు. రెండవ దశలో వారు బయటికి వెళ్ళిపోతారు. కుటుంబం ఏకాంతంగా చర్చించుకుంటుంది. మూడవ దశలో కుటుంబం తన ప్రణాళికను వివరించి అంగీకారం పొందుతుంది. ఆ నిర్ణయం స్పష్టంగా ఆచరణసాధ్యం కానిదో, చట్టసూత్రాలకు విరుద్ధమైనదో అయితే తప్ప ప్రభుత్వం దానిని అమలుపరచాలి. తెలుగుపల్లెల పెద్దమనుషుల పంచాయితీకి, దీనికి భేదం ఇక్కడే ఉంది. అక్కడ బయటివారు విని తీర్పు చెబుతారు. ఇక్కడ బయటివారు లేచి వెళ్తారు.

నేరారోపణకు గురైన బాలల విషయంలోనూ ఇదే పద్ధతిని చట్టం నిర్దేశించింది. బాధితులకు సమావేశంలో పాల్గొనే హక్కునిచ్చింది. జరిగిన హానిని సరిదిద్దే 'పునరుద్ధరణ న్యాయం' అనే పేరు చట్టపాఠంలో లేదు. ఆ సిద్ధాంత పరిభాష తరువాత దానికి అన్వయించబడింది. ఆచరణ ముందు పుట్టి, సిద్ధాంతం వెనుక వచ్చిన సందర్భమిది.

అయితే అధికారంతోపాటు వనరులు కదలలేదు. కుటుంబాన్ని ఎక్కువగా నమ్మితే బిడ్డ భద్రత దెబ్బతింటుందన్న విమర్శ మరొకవైపు వచ్చింది. 1992 నాటి సమీక్ష తరువాత, 1994 సవరణ బిడ్డ శ్రేయస్సే సర్వోన్నతమని ప్రకటించింది. 2021లో వైతాంగి ట్రిబ్యునల్, సంరక్షణవ్యవస్థలో మావోరీ పిల్లల సంఖ్య నేటికీ వారి జనాభా నిష్పత్తిని మించి ఉండడానికి ప్రభుత్వ ఒప్పందభంగం కారణమని నిర్ధారించింది. శాసనం మారినంత మాత్రాన సంస్థ స్వభావం మారదని ఈ మూడు దశాబ్దాల చరిత్ర నిరూపిస్తున్నది.

ఈ నమూనా ఇతర దేశాలకు వ్యాపించింది. ఇంగ్లండులోని లీడ్స్ నగరపాలకసంస్థ దానిని స్థానిక బాలల సేవలలో విస్తృతంగా అనుసరించింది. భారతదేశపు 2015 నాటి బాలల న్యాయచట్టం కుటుంబబాధ్యతను, కుటుంబంలోకి తిరిగి చేర్చడాన్ని మౌలికసూత్రాలుగా స్వీకరించి, సంస్థలో ఉంచడం చివరి మార్గమని పేర్కొన్నది. కాని ఇక్కడ నిర్ణయాధికారం బాలల సంక్షేమ సమితిదే. కుటుంబం తన మాట వినిపించే పక్షం మాత్రమే. కుటుంబం మాట వినడానికి, కుటుంబానికి నిర్ణయం అప్పగించడానికి మధ్యగల ఈ దూరాన్ని గుర్తించడమే న్యూజిలాండ్ అనుభవం నుంచి గ్రహించవలసిన ప్రధానాంశం.