పేరు పెట్టే పెద్ద లేనిచోట చిరునామా

"కొత్తపల్లి ఎక్కడున్నది?" అని తరగతిలో అడిగి చూడండి. ఒక్కొక్క విద్యార్థి ఒక్కొక్క కొత్తపల్లిని చూపుతాడు. తెలుగునాట ఆ పేరుగల గ్రామాలు పెక్కు ఉన్నవి. ఇట్టి చిక్కులవల్ల ఉత్తరాలు దారి తప్పకుండుటకై తపాలాశాఖవారు 1972 ఆగస్టు 15న పిన్ కోడును ప్రవేశపెట్టినారు. నిజామాబాదుకు 503001 వచ్చినది, బోధనుకు 503185 వచ్చినది. పంచిపెట్టే శాఖ ఒక్కటే గనుక బోధను అంకె మరొక పట్టణానికి పోలేదు.

కంప్యూటర్లకు కూడ ఇదే అవసరం. ఒక యంత్రం పంపే ప్రతి సందేశంపైన చేరవలసిన చిరునామా ఉండవలెను. మొదట ఈ అంకెలను మనుష్యులే యంత్రాలలో నింపెడివారు. యంత్రాల సంఖ్య పెరిగిన కొలది అది సాగలేదు. 1993లో డి.హెచ్.సి.పి. అనే పద్ధతి వచ్చినది. 1937లో స్థాపింపబడి 2015లో మూతబడిన శక్కర్‌నగర్ చక్కెర కర్మాగారాన్ని బోధను ప్రాంతంవారు మరువలేరు. దాని వాకిట ఒక గుమాస్తా కూర్చుండి, వచ్చిన ప్రతి చెరకుబండికి నంబరు చీటీ ఇస్తున్నాడని ఊహించండి. డి.హెచ్.సి.పి. అటువంటి గుమాస్తా. బండి వెళ్లిపోయిన పిమ్మట ఆ నంబరును మరొకరికి ఇస్తాడు.

మరి గుమాస్తాయే లేకపోతే? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నంపై విరుచుకుపడినపుడు సెల్‌ఫోన్ టవర్లు మూగపోయినవి. అట్టివేళ చేతిలోని యంత్రాలే ఒకదాని మాటను మరొకటి అందుకొని ముందుకు పంపగలిగితే ఎంతో మేలు. అటువంటి, తీగలూ టవర్లూ లేక అప్పటికప్పుడు ఏర్పడే అల్లికకు అడ్‌హాక్ నెట్‌వర్క్ అని పేరు. సంచరించే యంత్రాల ఇట్టి అల్లికలకు నియమాలు కూర్చుటకై 1997లో ఇంటర్నెట్ ఇంజనీర్లు ఒక బృందంగా ఏర్పడినారు.

పెద్ద లేనిచోట ఎవరి నంబరు వారే ఎంచుకొనవలెను. 2005లో ప్రమాణమైన ఒక పద్ధతిలో యంత్రం 65,024 అంకెలలో ఒకదానిని చీటీ తీసినట్లు తీసుకొని, "ఇది ఎవరిదైనానా?" అని మూడుసార్లు కేకవేస్తుంది. మౌనం అర్ధాంగీకారమన్నట్లు, ఎవరూ పలుకకపోతే అది తనదే. అంకెలు అన్ని ఉండగా తగవెందుకు వస్తుందని తోచవచ్చును. లెక్క వేయండి. 300 యంత్రాలుంటే జతలు 44,850. ఏ రెండిటికో ఒకే అంక తగిలే అవకాశం దాదాపు సగానికి సగం! గణితోపాధ్యాయులకు ఇది మంచి అభ్యాసం.

ఈ కేక కూతవేటు దూరంలో ఉన్నవారికే వినబడును. కోటగిరి నుండి కొన్ని బండ్లు, వర్ని నుండి కొన్ని బండ్లు తమలో తాము నంబర్లు వేసుకొని బయలుదేరి బోధనులో కలిసినవనుకోండి. ఏడవ నంబరువి రెండుంటవి. 2002లో సంకేత్ నెసర్గి, రవిప్రకాశ్ అనువారు దీనికొక ఉపాయం ప్రకటించినారు. కొత్తవానికి పొరుగువాడు పూచీపడి, ఒక అంకెను ప్రతిపాదించి, అందరి సమ్మతి వచ్చిన తరువాతనే దానిని ఇప్పిస్తాడు. పంచాయతీ వంటిదే. అల్లిక పెద్దదైతే సమ్మతి అడుగుటకే సమయమంతా సరిపోవును. వరంగల్ ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, మద్రాసు ఐ.ఐ.టి.లో ఆచార్యులైన సి. శివరామమూర్తిగారు బి.ఎస్. మనోజ్‌గారితో కలిసి ఈ అల్లికలపై రచించిన పాఠ్యగ్రంథం 2004లో వెలువడినది.

ఇంతవరకు అందరూ సత్యమే పలుకుదురని అనుకొన్నాము. అసలు కష్టం ఇక్కడనే ఉన్నది. ఎవరు ఏ అంకె అడిగినా "అది నాది" అని ఒక దుష్టుడు పలుకుచుంటే, కొత్తవానికి చిరునామా ఎన్నటికీ దక్కదు. లేదా వాడు ఇంకొకరి అంకె ధరించి వారి ఉత్తరాలు తాను అందుకొనును. తుఫాను సహాయశిబిరంలో వైద్యునికి పోవలసిన కబురు ఇట్లు మాయమైతే ప్రాణాలకే ముప్పు.

2005లో తూమస్ ఆరా ప్రకటించిన ప్రమాణం దీనికి చక్కని సమాధానం. యంత్రం ఒక రహస్యపు తాళపుచెవిని, దానికి జతగా అందరికీ చూపదగిన మరొక చెవిని తయారుచేసుకొనును. ఆ రెండవదానిని గణితంతో నలిపి, 128 బిట్ల కొత్తరకపు చిరునామాలో చివరి 64 బిట్లను రాబట్టును. చిరునామా నాదన్నవాడు రహస్యపు చెవితో సంతకం చేసి చూపవలెను. దొంగ చేయలేడు.

కాని దొంగ తనకే వంద కొత్త చెవులు చేసుకొని వందమందిగా నటిస్తే? 2002లో జాన్ డౌసర్ దీనిని "సైబిల్ దాడి" అను పేరుతో వివరించి, నమ్మదగిన ఒక కేంద్రం లేనిచోట దీనిని పూర్తిగా ఆపుట ఆచరణలో సాధ్యం కాదని నిరూపించినాడు. పెద్దను ముంగిలి నుండి పంపివేసి, ఆయనను మరల పెరటిదారిన పిలువవలసి వచ్చినదన్నమాట!

కేంబ్రిడ్జిలో ఫ్రాంక్ స్తాయానో, రాస్ ఆండర్సన్ 1999లోనే ఒక మోటైన మార్గం చూపినారు. గ్రుడ్డు నుండి వెలువడిన బాతుపిల్ల మొదట కదలుచు కనబడినదానిని తల్లి అనుకొనును. అట్లే కొత్త యంత్రం తనకు మొట్టమొదట రహస్యపు చెవిని అందించినవారినే యజమానిగా గుర్తించును. ఆ అందించుట గాలిలో కాదు, రెండు యంత్రాలను ఒకదానికొకటి తాకించి. శిబిరాధికారి తన ఫోనును ఒక్కొక్క స్వచ్ఛంద సేవకుని ఫోనుకు ముట్టించుకొంటూ వరుస వెంట నడువవలసినదే.