ప్రీస్ట్‌లీ కొవ్వొత్తి, ఊపిరితిత్తుల ధమనులు

1774లో జోసెఫ్ ప్రీస్ట్‌లీ ఎర్రటి పాదరస భస్మాన్ని భూతద్దంతో వేడిచేసి ఒక కొత్త వాయువును రాబట్టాడు. అందులో కొవ్వొత్తి మామూలు గాలిలో కంటే ఎంతో ఉజ్జ్వలంగా వెలిగింది. ఆయన తానే దాన్ని పీల్చి చూశాడు, ఛాతీ తేలికైనట్లు అనిపించింది. అయితే 1775 నాటి గ్రంథంలో ఈ సంగతి రాస్తూనే ఒక అనుమానమూ చేర్చాడు. ఈ వాయువు రోగులకు మందుగా పనికిరావచ్చు గాని, కొవ్వొత్తి త్వరగా కరిగిపోయినట్లే ఆరోగ్యవంతుడి జీవశక్తి కూడా త్వరగా ఖర్చయిపోదా అని. తరువాత లావోయిజే ఆ వాయువుకు ఆక్సిజన్ అని పేరు పెట్టాడు. మనం దాన్ని ప్రాణవాయువు అన్నాం.

ఆ అనుమానానికి రసాయన రూపం రావడానికి దాదాపు 180 ఏళ్లు పట్టింది. 1954లో అర్జెంటీనా శాస్త్రవేత్త రెబెకా గెర్ష్‌మన్, అధిక ఆక్సిజన్ చేసే హానికీ ఎక్స్-కిరణాలు చేసే హానికీ మూలం ఒక్కటేనని, అది స్వేచ్ఛా రాడికల్స్ అని సహచరులతో కలిసి ప్రతిపాదించింది. 1969లో జో మెక్‌కార్డ్, ఇర్విన్ ఫ్రిడోవిచ్ పశువుల ఎర్ర రక్తకణాల నుంచి తీసిన ఒక ప్రోటీన్ అసలు పని ఏమిటో కనుగొన్నారు. సూపర్ ఆక్సైడ్ అనే రాడికల్‌ను నిర్వీర్యం చేసే ఆ ఎంజైమ్ పేరు సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్. శరీరం తన రక్షణను తానే ఏర్పరచుకుందని దానితో తేలింది.

ఊపిరితిత్తుల ధమనుల కథ వేరే దారిలో నడిచింది. అక్కడ సగటు పీడనం సుమారు 14 మిల్లీమీటర్ల పాదరసం మాత్రమే. నేటి నిర్వచనం ప్రకారం అది 20 దాటితే రోగమే. చేతికి పట్టీ కట్టి దీన్ని కొలవలేం, కుడి గుండెలోకి సన్నని గొట్టం పంపాలి. 1946లో ఆయిలర్, లిలియెస్ట్రాండ్ పిల్లుల మీద ప్రయోగాలు చేసి, పీల్చే గాలిలో ఆక్సిజన్ తగ్గితే ఈ పీడనం పెరుగుతుందని చూపారు. 1951లో డ్రెస్‌డేల్ బృందం, కారణం తెలియకుండా ఈ పీడనం పెరిగిన రోగులను వర్ణించింది. ధమనులు ఇరుకైన కొద్దీ కుడి గుండె ఉబ్బి, చివరికి అలసిపోతుంది.

ఈ రెండు కథలూ కలిసింది రక్తనాళపు లోపలి పొర దగ్గర. 1980లో ఫర్చ్‌గాట్, జవాడ్‌స్కీ ఆ పొర చెక్కుచెదరకుండా ఉంటేనే ఎసిటైల్ కోలిన్‌కు నాళం సడలుతుందని చూపారు. పొర విడుదల చేసే ఆ అజ్ఞాత దూతను సూపర్ ఆక్సైడ్ నాశనం చేస్తోందని 1986లో తెలిసింది. మరుసటి ఏడాది ఆ దూత నైట్రిక్ ఆక్సైడ్ అని తేలింది. సూపర్ ఆక్సైడ్‌తో కలిసినప్పుడు అది పెరాక్సీనైట్రైట్ అనే హానికర పదార్థంగా మారుతుందని 1990లో బెక్‌మన్ బృందం వివరించింది. అంటే నష్టం రెండింతలు: నాళాన్ని సడలించే దూత పోతుంది, దాని స్థానంలో విషం పుడుతుంది.

ఇక యాంటీఆక్సిడెంట్ బిళ్ళలు మింగిస్తే చాలదా? తర్కం సులువుగానే కనిపించింది. కాని సూపర్ ఆక్సైడ్, నైట్రిక్ ఆక్సైడ్ ఎదురుపడితే వాటి కలయిక ఎంత వేగమంటే, శరీరపు సొంత ఎంజైమ్ కూడా ఆ పోటీలో వెనకబడుతుంది. సి విటమిన్ అయితే వేల రెట్లు నెమ్మది. పైగా రాడికల్స్ కేవలం శత్రువులు కావు, కణాలు వాటిని సంకేతాలుగానూ వాడుకుంటాయి. 1994లో వెలువడిన ఫిన్లాండ్ పరిశోధన వేరే రోగానికి సంబంధించినదైనా గుణపాఠం ఇక్కడికీ వర్తిస్తుంది. 29 వేలమందికి పైగా పొగతాగే పురుషుల్లో, బీటా కెరోటిన్ తీసుకున్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది.

ఫలించిన దారి మరొకటి. రాడికల్స్‌ను వేటాడే బదులు, పోయిన దూతను తిరిగి తెచ్చే దారి అది. 1999లో అమెరికాలో నవజాత శిశువులకు పీల్చే నైట్రిక్ ఆక్సైడ్‌కు అనుమతి లభించింది. 2005లో ఆ దూత సందేశాన్ని నిలిపి ఉంచే సిల్డెనాఫిల్‌కు పుపుస ధమనుల అధిక రక్తపోటు చికిత్సలో స్థానం దక్కింది. ఏ యాంటీఆక్సిడెంట్ బిళ్ళకూ నేటికీ ఆ స్థానం లేదు. ఆ బిళ్ళలను నమ్ముకుని చికిత్స వాయిదా వేసే రోగికి ఖర్చయ్యేది డబ్బు ఒక్కటే కాదు, కుడి గుండెకు మిగిలిన వ్యవధి కూడా.

ఊపిరాడని శిశువుకు నూరు శాతం ఆక్సిజన్ ఇచ్చే వైద్యుడు నేడు దాన్ని వీలైనంత త్వరగా తగ్గించాలని చూస్తాడు. ఆ వాయువే అతిగా అందితే ధమనుల్లో సూపర్ ఆక్సైడ్‌ను పెంచుతుందని గొర్రెపిల్లల మీది ప్రయోగాలు చూపాయి. ఒకే వాయువులో మందునూ, ముప్పునూ చూసిన ప్రీస్ట్‌లీకి ఈ జాగ్రత్త కొత్తగా తోచి ఉండేది కాదు.