ఏడు సెల్లుల నుంచి లిపో దాకా

ఎయిర్‌సాఫ్ట్ తుపాకీకి పుట్టిల్లు జపాన్. అసలు తుపాకీ మామూలు మనిషి చేతికి రావడం అక్కడ చాలా కష్టం. తుపాకుల మోజు తీర్చడానికి ప్లాస్టిక్ గుండ్ల ఆటతుపాకులు వచ్చాయి. మొదట స్ప్రింగువి, తర్వాత గ్యాసువి. గ్యాసుతో ఎడతెరిపి లేకుండా కాల్చాలంటే సిలిండరు, దానికో గొట్టం మోసుకు తిరగాలి. చలికాలంలో గ్యాసు ఒత్తిడి పడిపోయేది.

ఈ అవస్థ తప్పించింది టోక్యో మరుయి కంపెనీ. ఫ్రెంచి సైన్యపు ఫామాస్ రైఫిల్ రూపంలో 1991లో ఎలక్ట్రిక్ తుపాకీ తెచ్చింది. ఇందులో మోటారు గేర్లను తిప్పుతుంది. గేర్లు పిస్టన్‌ను వెనక్కి లాగి స్ప్రింగును బిగిస్తాయి. గేర్లు పట్టు వదలగానే పిస్టన్ ముందుకు దూకి, గాలితో గుండును తోస్తుంది. ఒక్క గుండుకే ఇంత పని. ట్రిగ్గర్ నొక్కిన క్షణాన మోటారు పదిహేను, ఇరవై ఆంపియర్లు లాగినా ఆశ్చర్యం లేదు.

అంత కరెంటును ఇవ్వగలిగింది నికెల్-కాడ్మియం. స్వీడన్ శాస్త్రవేత్త వాల్డెమార్ యుంగ్నెర్ 1899లో కనిపెట్టిన బ్యాటరీ అది. రిమోట్ కార్ల ఆటలో అప్పటికే పాతుకుపోయి ఉంది. ఆ కార్ల నుంచే బ్యాటరీని కలిపే టమియా కనెక్టరూ తుపాకుల్లోకి వచ్చింది. సెల్లుకు 1.2 వోల్టుల చొప్పున ఏడు సెల్లులు కలిపితే 8.4 వోల్టులు. జపాన్ తుపాకులకు ఈ అంకె ప్రమాణమైపోయింది. బ్యాటరీ ఎంచుకునేటప్పుడు మొదట గుర్తుంచుకోవలసిందీ ఇదే. ఆనాటి తుపాకుల మోటారు, స్విచ్చి అన్నీ ఆ 8.4 చుట్టూ కట్టినవి.

కాడ్మియం విషలోహం. పైగా సగంలో ఛార్జి పెడుతూ పోతే ఆ బ్యాటరీ సామర్థ్యం తగ్గిపోయేది. దాని చోటు నికెల్ మెటల్ హైడ్రైడ్‌కు దక్కింది. అంతే బరువులో ఎక్కువ ఛార్జి పట్టేది కానీ, వాడకపోయినా నెల తిరిగేసరికి గణనీయంగా దిగిపోయేది.

సోనీ లిథియం అయాన్ బ్యాటరీని అమ్మకానికి పెట్టిందీ 1991లోనే. తొలినాటి ఆ సెల్లులకు ఒక్కసారిగా ఇంత కరెంటు ఇచ్చే సత్తా లేదు. ఆ సత్తా లిథియం పాలిమర్‌తో, అంటే లిపోతో వచ్చింది. పలుచటి సంచిలాంటి పొరలో ఉండే ఈ సెల్లులకు మొదట రిమోట్ విమానాల వాళ్లు అలవాటుపడ్డారు, తర్వాత ఎయిర్‌సాఫ్ట్ ఆటగాళ్లు. తుపాకీ మడమలోని సన్నటి గొట్టంలోనూ దూరేంత సన్నం అవి.

లిపో సెల్లు 3.7 వోల్టులు. రెండు సెల్లుల ప్యాక్ మీద 7.4 అని ఉంటుంది, నిండా ఛార్జయితే 8.4. పాత తుపాకీకి చక్కగా సరిపోయేది ఇదే. మూడు సెల్లులది పేరుకు 11.1, నిండితే 12.6. కాల్చే వేగం పెరుగుతుందని చాలామంది దాని వెంట పడతారు. మార్పులేవీ చేయని తుపాకీని దానితో కొన్నాళ్లు వాడి విప్పి చూస్తే, ట్రిగ్గర్ వెనక రాగి కాంటాక్టులు నల్లగా మాడి, అంచులు కరిగి కనిపిస్తాయి. నొక్కినప్పుడల్లా అక్కడ నిప్పురవ్వ లేచిందన్నమాట. మాస్‌ఫెట్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్చి బిగిస్తే మోటారు కరెంటు కాంటాక్టుల మీదుగా పోదు. అయినా గేర్ల మీద ఒత్తిడి తగ్గదు.

ప్యాక్ మీది సి అంకె కూడా చూడాలి. సామర్థ్యానికి ఎన్ని రెట్ల కరెంటు ఇవ్వగలదో చెప్పేది అది. 1300 మిల్లీ ఆంపియర్ అవర్, 20 సి అంటే గరిష్ఠంగా 26 ఆంపియర్లు. లేబుళ్లు గొప్పలు చెప్పుకోవడం మామూలే కాబట్టి కాస్త మిగులు ఉండేలా కొనాలి.

అసలు ప్రమాదం ఛార్జింగ్‌లో ఉంది. నికెల్ బ్యాటరీ నిండగానే దాని వోల్టేజి కొంచెం దిగుతుంది. చాలా నికెల్ ఛార్జర్లు ఆ దిగుదలను చూసే ఆగుతాయి. లిథియంలో అది కనిపించదు. ఆ ఛార్జరుకు లిపో తగిలిస్తే కరెంటు నెడుతూనే ఉంటుంది, సెల్లు 4.2 వోల్టులు దాటి ఉబ్బి అంటుకోవచ్చు. అందుకే లిపోకు ప్రతి సెల్లునూ విడిగా చూసే బ్యాలెన్స్ ఛార్జరు తప్పనిసరి. సెల్లు 3 వోల్టుల కిందికి దిగినా పాడవుతుంది. దాచిపెట్టేటప్పుడు సెల్లుకు 3.8 దగ్గర ఉంచాలి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా మాట ఇది: 7.4 వోల్టుల లిపో కొనండి, బ్యాలెన్స్ ఛార్జరు కోసం బేరాలాడకండి, ఛార్జి అయ్యేదాకా గది విడిచి వెళ్లకండి. ఉబ్బిన ప్యాక్‌ను మళ్లీ ఛార్జి చేయవద్దు, గుచ్చవద్దు, చెత్తబుట్టలో వేయవద్దు. ఈ-వ్యర్థాలు తీసుకునే చోట అప్పగించండి.