చమురు బావి నుంచి కోపిష్టి పిట్టల దాకా

2009 డిసెంబరులో ఐఫోన్‌లోకి వచ్చిన ఆంగ్రీ బర్డ్స్‌లో పిట్ట ఎగరడం, గోడ కూలడం లెక్కగట్టేది సీ ప్లస్ ప్లస్‌లో రాసిన ఫిజిక్స్ ఇంజను బాక్స్‌2డీ. ఆట నియమాలు చూసుకునేది మాత్రం లువా అనే స్క్రిప్టు భాష. ఆ లువా బ్రెజిల్ చమురు కంపెనీ పెట్రోబ్రాస్ అవసరాల కోసం పుట్టిందని తెలిశాక ఆ పిట్టల మీద నాకు గౌరవం పెరిగింది.

1977 నుంచి 1992 దాకా బ్రెజిల్‌లో కంప్యూటర్ సరంజామా దిగుమతి మీద గట్టి ఆంక్షలుండేవి. బయటి సాఫ్ట్‌వేర్ కొనాలంటే అలాంటిది దేశంలో దొరకదని రుజువు చేస్తూ కాగితాలు పట్టుకు తిరగాలి. దాంతో రియోలోని కాథలిక్ విశ్వవిద్యాలయంలో టెక్‌గ్రాఫ్ బృందం కావలసినవన్నీ సొంతంగా తయారుచేసుకునేది. పెట్రోబ్రాస్ ఇంజనీర్లు సిమ్యులేటర్లకు అంకెలు ఎక్కించడానికి ఓ చిన్న భాష, రాతి పొరల నివేదికలను కావలసిన తీరున గీయించుకోడానికి మరొకటి చేసిపెట్టింది. షరతులూ లూపులూ కూడా కావాలని వాళ్లు అడగసాగారు. 1993లో రాబర్టో యెరూసలింస్కీ, లూయిజ్ ఎన్రికె డి ఫిగెయిరెడో, వాల్డెమార్ సెలెస్ ఆ రెంటినీ కలిపేసి లువా రాశారు.

వాడేవాళ్లు ప్రోగ్రామర్లు కారు, అందుకని సులువుగా ఉండాలి. కంపెనీలో రకరకాల యంత్రాలు, అందుకని ఎక్కడైనా కంపైలయ్యే మామూలు సీలో ఉండాలి. ఈ రెండో ఇబ్బందే తర్వాత వరమైంది. 128 మెగాబైట్ల ర్యామున్న తొలి ఐఫోన్లలో కూడా, కొన్ని వందల కిలోబైట్లు మించని లువా ఇట్టే ఇమిడిపోయింది.

నడుమ 1998లో లూకస్‌ఆర్ట్స్ వాళ్లు గ్రిమ్ ఫాండాంగో కోసం తమ సొంత స్క్రిప్టు భాష స్కమ్‌ను వదిలి లువాను ఎత్తుకున్నారు. వాళ్ల తర్వాతి మంకీ ఐలాండ్ ఆటలో స్కమ్ బార్ పోయి లువా బార్ వెలిసింది!

ఇక వేగం సంగతి. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కోదానికి 16 మిల్లీసెకన్ల పైచిలుకు. లువా, సీ మాట్లాడుకున్నప్పుడల్లా విలువలు ఒక స్టాక్ మీద పెట్టాలి, తీసుకోవాలి. ప్రతి పిట్ట స్థానం ప్రతి ఫ్రేములో అడిగితే ఆ రాకపోకలకే కాలం చెల్లు. వాడేసిన మెమరీని ఖాళీ చేసే గార్బేజ్ కలెక్టర్ ఒక్కసారిగా ఊడవడానికి దిగితే ఆట జెర్క్ ఇస్తుంది. 2006లో వచ్చిన లువా 5.1 నుంచి అది విడతలవారీగా ఊడుస్తోంది.

2010 ఏప్రిల్‌లో ఆపిల్ కొత్త నిబంధన తెచ్చింది. యాప్‌లు సీ, సీ ప్లస్ ప్లస్, ఆబ్జెక్టివ్ సీ, లేదా వెబ్‌కిట్ నడిపే జావాస్క్రిప్ట్‌లోనే పుట్టాలట. గురి ఫ్లాష్‌తో చేసిన యాప్‌ల మీద, దెబ్బ లువాతో సహా అందరికీ. పిట్టలు మాత్రం స్టోర్‌లో అలాగే ఎగురుతూ ఉన్నాయి. సెప్టెంబరులో ఆపిల్ మెత్తబడి, బయటి నుంచి కోడ్ దించుకోనంత వరకూ ఫర్వాలేదంది.

అప్పటికప్పుడు కంపైల్ చేసే జిట్‌కు మాత్రం తలుపు తెరవలేదు. మైక్ పాల్ రాసిన లువాజిట్ స్క్రిప్టును నడుస్తుండగానే యంత్రభాషలోకి మార్చి పరుగెత్తిస్తుంది. అలా అప్పటికప్పుడు పుట్టించిన కోడ్‌ను నడపడానికి ఐఫోన్ మామూలు యాప్‌లను అనుమతించదు. అక్కడ ఇంటర్‌ప్రెటర్‌తోనే సరిపెట్టుకోవాలి.

ఇవాళ నాలుగు బటన్లున్న యాప్ కూడా జావాస్క్రిప్ట్ ఇంజనునూ లైబ్రరీల మూటనూ మోసుకొస్తోంది. లువా నాటి పొదుపు పోవడం నాకు కష్టంగానే ఉంది. 2019లో ఫేస్‌బుక్ యాప్‌లు కట్టే చట్రం రియాక్ట్ నేటివ్ కోసం హెర్మిస్ అనే జావాస్క్రిప్ట్ ఇంజను తెచ్చింది. అందులో జిట్ లేదు. యాప్ త్వరగా తెరుచుకోడానికి స్క్రిప్టును ముందే బైట్‌కోడ్‌గా మార్చి పెడతారు. లువాక్ అనే బుల్లి పనిముట్టు లువాకు ఆ మార్చే పనిని 1996 నుంచీ చేసిపెడుతోంది.